ముద్దాయి తరఫు ప్లీడరును జనం అడిగే ప్రశ్నలు

నేను కోనసీమలో క్రిమినల్ కేసులు చూస్తాను, అదీ ముద్దాయిల తరఫున. ఎక్కువగా అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం కోర్టులు; అప్పుడప్పుడు రాజమండ్రి. ఇరవై ఆరేళ్లయింది ఈ పని మొదలుపెట్టి. పెళ్లి భోజనాల దగ్గర, గోదావరి దాటే పంటు మీద, ఆస్పత్రిలో డాక్టరు కోసం కూర్చున్నప్పుడు కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. మళ్లీ మళ్లీ వచ్చేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. చట్టం ఉన్నంతవరకు చట్టం చెప్తాను, మిగతాది నా అనుభవం.

తప్పు చేశాడని తెలిసి కూడా వాడి తరఫున ఎలా వాదిస్తారండీ?

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. ముందు ఆ ‘తెలిసి’ అన్న మాట చూడండి. ఎవరికి తెలుసు? సంఘటన జరిగిన సాయంత్రానికే ఊళ్లో టీ కొట్టు దగ్గర తీర్పు అయిపోతుంది. ఆ తీర్పు చెప్పినవాళ్లలో చూసినవాళ్లు ఎంతమంది?

చాలా ఏళ్ల కిందట ఒక హత్య కేసు చూశాను. చేలోకి నీళ్లు పెట్టుకునే దగ్గర తగాదా. ఒక మనిషి చనిపోయాడు. వకాలత్, అంటే కేసు వాదించమని ముద్దాయి రాసిచ్చే కాగితం, నా చేతికి వచ్చేసరికి ఊరంతా ముద్దాయే చేశాడని తేల్చేసింది. నాకూ లోపల అనుమానం ఉంది, దాచుకోను. పోలీసు కాగితాల్లో గట్టి సాక్ష్యం ఒక్కటే. ముద్దాయి దగ్గరుండి చూపించిన చోట, కాలువలో పీకల్లోతు నీళ్లలో దిగి, కత్తి తీసి ఇచ్చాడని మధ్యవర్తుల రిపోర్టు. మధ్యవర్తులంటే, వస్తువు దొరికినప్పుడు పోలీసులు సాక్షులుగా పెట్టుకునేవాళ్లు. దాని మీద తేదీ మే నెల మూడో వారం.

రెండుసార్లు చదివినా నాకు తట్టలేదు. మూడోసారి ఆ తేదీ దగ్గర ఆగిపోయాను. నేను రైతు కొడుకుని. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపి, పూడికలు, షట్టర్ల పనులు చేసుకుని, సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, మళ్లీ జూన్‌లో వదులుతారు. చిన్నప్పుడు ఆ రోజుల్లో మేం కాలువలోనే క్రికెట్ ఆడుకునేవాళ్లం. ఇరిగేషన్ ఆఫీసు నుంచి రికార్డు తెప్పించాం. ఆ ఏడాది ఆ కాలువకి నీళ్లు ఏ రోజున ఆపారో రాసి ఉంది. కత్తి తీశారన్న రోజుకి నెల పైనే అయింది.

క్రాస్‌లో, అంటే అవతలి సాక్షిని మేం ప్రశ్నించేటప్పుడు, మధ్యవర్తిని కత్తి గురించి అడగలేదు. ‘మీరు నీళ్లలోకి దిగారా?’ అన్నాను. ‘లేదండి, గట్టు మీదే ఉన్నానండి.’ ‘నీళ్లు ఎంతదాకా ఉన్నాయి?’ ‘పీకదాకా అండి.’ ‘పైకి వచ్చాక ముద్దాయి బట్టలు తడిసి ఉన్నాయా?’ ‘తడిశాయండి, పిండుకున్నాడండి.’ అప్పుడు రికార్డు చూపించాను. ఆయన కాసేపు నేల చూసి, ‘స్టేషన్‌లో సంతకం పెట్టమన్నారండి, పెట్టానండి’ అన్నాడు.

కేసు కొట్టేశారు. ఆ మనిషి చేశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కత్తి అక్కడ దొరకలేదని మాత్రం తెలుసు. చనిపోయినతని తల్లి ఆ రోజు కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి మొహం తిప్పేసుకుంది. దొరకని కత్తిని దొరికిందని రాసినవాళ్లే ఆవిడకి న్యాయం దొరక్కుండా చేశారని నేను నమ్ముతాను. ఆ మాట ఆవిడకి చెప్పే ధైర్యం మాత్రం ఆ రోజు నాకు రాలేదు.

నా పని రుజువు అడగడం. పోలీసులు సరిగ్గా దర్యాప్తు చేసిన కేసులో నేను ఎంత అడిగినా రుజువు నిలబడుతుంది. నిలబడాలి కూడా.

ముద్దాయే ‘నేనే చేశానండి’ అని మీతో చెప్పేస్తే?

చెప్తారు, కొందరు. ఆ మాట నాతోనే ఉంటుంది. కక్షిదారు లాయరుతో చెప్పుకున్నది బయటపెట్టకూడదని చట్టమే అంటుంది. పాత ఎవిడెన్స్ చట్టంలో ఇది సెక్షన్ 126, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 132. మున్ముందు చేయబోయే నేరానికి మాత్రం ఈ రక్షణ లేదు.

అలా చెప్పినప్పుడు నేను చేయనివి కొన్ని ఉన్నాయి. దొంగ సాక్షిని బోనెక్కించను. ఆ రోజు ఊళ్లోనే లేడని కథ అల్లను. చేసేది కూడా చాలా ఉంది. పెట్టిన సెక్షను సరైనదేనా? గొడవలో కోపంతో కొట్టిన దెబ్బకి మనిషి పోయినా, పథకం వేసి చంపినా పోలీసులు ముందు హత్య అనే రాస్తారు. ఆ తేడా మీద యావజ్జీవమా, పదేళ్లలోపా అన్నది ఆధారపడి ఉంటుంది. ముద్దాయికి ఎంత శిక్ష పడాలో అంతే పడేలా చూడటం కూడా డిఫెన్సే.

మరీ ఘోరమైన కేసుల్లో లాయర్లెవరూ వకాలత్ వేయకూడదని తీర్మానం చేస్తే బాగుంటుంది కదా?

బాగుండదు, చెల్లదు కూడా. కోయంబత్తూరులో ఒకసారి కొందరు పోలీసుల తరఫున వాదించకూడదని అక్కడి లాయర్ల సంఘం, బార్ అసోసియేషన్, తీర్మానించింది. ఆ సందర్భంలోనే 2010లో సుప్రీంకోర్టు, మహమ్మద్ రఫీ కేసులో, ఇలాంటి తీర్మానాలు రాజ్యాంగానికి విరుద్ధం, చెల్లవు అని చెప్పేసింది. అక్కడ లాయరు అవసరం పడింది పోలీసులకే, గమనించండి. నేరం చేశాడా లేదా అన్న సొంత అభిప్రాయంతో పని లేకుండా ముద్దాయి తరఫున నిలబడాలని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది.

కోపం నాకూ వస్తుంది. చిన్నపిల్లల మీద జరిగిన నేరాల కాగితాలు చదివిన రాత్రి నాకు అన్నం సహించదు. అయినా లాయరు లేకుండా పడిన శిక్ష పై కోర్టులో నిలవదు. అప్పుడు ఆ పిల్ల మళ్లీ మొదటినుంచి కోర్టుకి రావాలి.

స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, ‘ఒకసారి వచ్చి వెళ్లు’ అంటున్నారు. వెళ్లాలా?

నోటీసు అడగండి, మర్యాదగానే అడగండి. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో పోలీసులు అలవాటుగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు అవసరం లేనప్పుడు ముందుగా నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో దాన్ని 41ఎ నోటీసు అనేవాళ్లం, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 35(3). నోటీసు వస్తే తప్పకుండా వెళ్లండి. చెప్పిన రోజు వెళ్లి, చెప్పింది చేస్తే మామూలుగా అరెస్టు చేయరు. ఎగ్గొడితే మీరే వాళ్ల చేతికి కారణం ఇచ్చినవారవుతారు. మూడేళ్లలోపు శిక్ష పడే నేరమైతే, అరవై దాటినవారిని, ఆరోగ్యం బాగాలేనివారిని డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. ఈ సంగతి మా ఊళ్లలో చాలామందికి తెలియదు.

అరెస్టు చేసేశారు. ముందు ఏం చూడాలి?

టైము. ఎన్ని గంటలకి, ఎక్కడ, ఎవరు చూస్తుండగా తీసుకెళ్లారో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ప్రయాణానికి పట్టిన టైము కాక 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఇది రాజ్యాంగంలోని 22వ అధికరణం. కాగితాల్లో అరెస్టు టైము తర్వాత ఎప్పుడో పడటం నేను చూశాను. పొద్దున్న ఇడ్లీ తింటున్నవాణ్ణి తీసుకెళ్లి, అరెస్టు మర్నాడు సాయంత్రం బస్టాండు దగ్గర జరిగిందని రాస్తారు. పక్కింటి సీసీ కెమెరా ఉంటే ఆ వీడియో అదే రోజు దాచిపెట్టండి. కొద్ది రోజుల్లో దానంతటదే చెరిగిపోతుంది.

ఎందుకు అరెస్టు చేశారో రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంట్లోవాళ్లకి కబురు చేయాలి. డాక్టరు చూడాలి. మెజిస్ట్రేట్ ‘పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?’ అని అడుగుతారు. కొట్టి ఉంటే ఆ క్షణంలో చెప్పాలి. వెనకాల కానిస్టేబుల్ నిలబడి ఉండగా చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆ రోజు నోరు విప్పకపోతే తర్వాత చెప్పినా నమ్మించడం చాలా కష్టం.

మావాడు స్టేషన్‌లో ఒప్పేసుకున్నాడటండి. ఇంక అయిపోయినట్టేనా?

లేదు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యం కాదు. ఆ మాట వల్ల కత్తో, నగో ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంతవరకే పనికొస్తుంది. పైన చెప్పిన కాలువ కత్తి అందుకే అంత ముఖ్యమైంది. తెల్లకాగితం మీద సంతకం మాత్రం పెట్టవద్దు.

బెయిల్ వచ్చిందన్నారు, మనిషి ఇంకా రాలేదేంటండి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు దాదాపు అందరూ పేదవాళ్లే. బెయిల్ ఆర్డరు వచ్చినా జామీనుదార్లు కావాలి. ఇంటి పన్ను రశీదో, పట్టాదారు పాస్‌బుక్కో, ఆస్తి ఉందని చూపే సాల్వెన్సీ సర్టిఫికెట్టో పట్టుకుని కోర్టుకొచ్చి సంతకం పెట్టేవాళ్లు ఇద్దరు. సొంతిల్లు ఉన్న కుటుంబానికి అది ఒక పూట పని. లేనివాళ్లకి అదే రెండో జైలు.

రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే ఒకతను, శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చినవాడు. ఏరేటర్ మోటారు పోయిందని దొంగతనం కేసు పెట్టారు. పన్నెండో రోజున బెయిల్ తెచ్చాను, ఇద్దరు జామీనుదార్లు, తలా పదివేలు. ఆ తర్వాత అతను సబ్ జైల్లో ఇంకా నలభై ఏడు రోజులు ఉన్నాడు. అతని భార్య రోజు విడిచి రోజు ఒక కాగితం పట్టుకుని మా ఆఫీసుకి వచ్చేది. ఒకరోజు రేషన్ కార్డు. ఒకరోజు వాళ్లుండే పాక యజమాని కరెంటు బిల్లు. ఒకరోజు ఆడపిల్ల పేరు మీద ఉన్న పోస్టాఫీసు పుస్తకం, అందులో రెండు వేల చిల్లర. ‘ఇది పని చేస్తదా బాబూ?’ అనేది. ఏదీ పనిచేయదు. వాళ్ల ఊళ్లో అతని అన్నకి ముప్పై సెంట్ల భూమి ఉంది కానీ, వేరే జిల్లా జామీను వద్దన్నారు.

1978లో సుప్రీంకోర్టు చూసిన మోతీరామ్ కేసు అచ్చం ఇలాంటిదే. మోతీరామ్ మధ్యప్రదేశ్‌లో తాపీమేస్త్రీ. పదివేలకి జామీను అడిగారు, తమ్ముడో అన్నో ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని మెజిస్ట్రేట్ ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పని చెప్పి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. ఆ తీర్పు కాపీ జతచేసి పిటిషన్ వేశాను. ఈలోపు సెంటర్లో టీ కొట్టు నడిపే ఒకాయన, బంధువూ కాదు, కులమూ కాదు, తన ఇంటి పన్ను రశీదు తెచ్చి ఒక జామీను సంతకం పెట్టారు. రెండోది సొంత పూచీకత్తుగా మార్చారు. అతను బయటికి వచ్చాడు. రెండేళ్ల తర్వాత కేసు కొట్టేశారు. ఆ నలభై ఏడు రోజులు ఏ తీర్పులోనూ ఎక్కవు.

ఇప్పుడు కొంత మారింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలపాలి. నెలలోపు జామీను పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే ఆలోచించవచ్చు. మీ మనిషి అలా ఉండిపోతే మీ లాయరుకి ఈ ఆదేశం గుర్తు చేయండి. మేం అన్నీ గుర్తుపెట్టుకోలేం.

అరవై రోజులు, తొంభై రోజులు అంటుంటారు, అదేంటండీ?

పోలీసులు దర్యాప్తు ముగించి కోర్టులో ఛార్జిషీటు వేయడానికి ఉన్న గడువు. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు అంతకు మించి శిక్ష పడే కేసుల్లో 90 రోజులు, మిగతావాటికి 60. ఆలోపు వేయకపోతే, జామీను పెట్టగలిగితే, బెయిల్ హక్కుగా వస్తుంది. అయితే మీరు అడగాలి. మీరు అడిగేలోపు వాళ్లు ఛార్జిషీటు వేసేస్తే ఆ హక్కు పోతుంది.

ఇది నేను పుస్తకంలో చదువుకున్నాను, తర్వాత ఒక కుటుంబాన్ని నష్టపెట్టి మళ్లీ నేర్చుకున్నాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన నాలుగో ఏడు. గడువు రెండో శనివారం ముందురోజుతో ముగిసింది. సోమవారం వేద్దాంలే అనుకుని పిటిషన్ సంచిలో పెట్టుకుని వెళ్లాను. రాజోలు బస్సు లేటయింది. నేను మెట్లెక్కేసరికి కోర్టు కానిస్టేబుల్ ఛార్జిషీటు ఇచ్చి కిందికి దిగుతున్నాడు. మా ముద్దాయికి ఇరవై రెండేళ్లు. ఇంకో నాలుగు నెలలు లోపల ఉన్నాడు. వాళ్ల నాన్నగారికి నా తప్పేనని చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పుడు ప్రతి రిమాండు కేసుకీ ఆ తేదీ గోడ క్యాలెండర్ మీద ఎర్రసిరాతో రాస్తాను, రిమాండు రోజును కూడా లెక్కలో కలిపి. కుటుంబసభ్యులూ రాసుకోండి, నాలుగు రోజుల ముందు మాకు ఫోన్ చేయండి.

యానాంలో పట్టుకుంటే కేసు ఎక్కడ నడుస్తుంది?

యానాం పుదుచ్చేరిలో భాగం. అక్కడి పోలీసులు అక్కడి పరిధిలో పెట్టిన కేసు అక్కడి కోర్టులోనే, పైన హైకోర్టు మద్రాసులో. అక్కడ మందు కొని ఇటు ఆంధ్రలోకి వచ్చాక చెక్‌పోస్టు దగ్గర దొరికితే ఇక్కడి ఎక్సైజ్ చట్టం, ఇక్కడి కోర్టు. రెండు వీధుల తేడాతో దారే మారిపోతుంది. కాబట్టి ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌దో ముందు చూడండి.

సంక్రాంతికి పందేల దగ్గర పట్టుకున్నారు. ఫైన్ కట్టేసి వచ్చేస్తే పోద్ది కదండీ?

కుర్రాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పాలని ఉంది. నేరం ఒప్పుకుని ఫైన్ కట్టడమంటే శిక్ష పడినట్టే. కాగితం మీద మీరు దోషి. గేమింగ్ చట్టం కావచ్చు, జంతుహింస నివారణ చట్టం కావచ్చు, మొత్తం వందల్లోనే ఉండవచ్చు. నాలుగేళ్ల తర్వాత కానిస్టేబుల్ ఉద్యోగమో, బ్యాంకు ఉద్యోగమో వస్తుంది. ‘మీకెప్పుడైనా శిక్ష పడిందా?’ అన్న గడి దగ్గర పెన్ను ఆగుతుంది. లేదని రాస్తే అబద్ధం, ఆ అబద్ధానికే ఉద్యోగం పోవచ్చు. ఆ గడి చూపించి ఏడ్చిన కుర్రాళ్లు నా ముందు కూర్చున్నారు. వాయిదాలకి తిరగడం విసుగే. అయినా ఒప్పుకునే ముందు ఒక్క లాయరుతో పది నిమిషాలు మాట్లాడండి.

మా దగ్గర డబ్బు లేదండి. లాయరుని పెట్టుకోలేం.

1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచితంగా లాయరుని ఇస్తారు. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, దివ్యాంగులకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేదు. జైల్లో ఉన్నవాళ్లెవరైనా అడగొచ్చన్నమాట. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ‘ఉచితం కదా, సరిగ్గా చూడరు’ అని భయపడతారు. చూడనివాళ్లు డబ్బు తీసుకునేవాళ్లలోనూ ఉన్నారు. క్రిమినల్ కేసుల కోసమే ప్రత్యేకంగా ముద్దాయిల తరఫు లాయర్లను, డిఫెన్స్ కౌన్సెల్ అంటారు, పెట్టే పథకం 2022లో వచ్చింది. అందులో పనిచేసే కుర్ర లాయర్లలో కొందరి క్రాస్ విని నేను నేర్చుకున్నాను.

నెగ్గితేనే ఫీజు ఇస్తామంటే?

తీసుకోకూడదు, బార్ కౌన్సిల్ నియమం. ‘పైవాళ్లకి ఇవ్వాలి, పని అయిపోద్ది’ అని డబ్బు అడిగే మనిషి లాయరైనా, గుమస్తా అయినా, వెంటనే కాగితాలు వెనక్కి తీసుకుని వచ్చేయండి.

కేసు ఇన్నేళ్లు ఎందుకు సాగుతుంది?

సాక్షికి సమన్లు అందవు. అందినా, కొబ్బరికాయల దింపులకి చెట్టెక్కేవాడు రోజు కూలీ వదులుకుని ఎందుకొస్తాడు? వచ్చినరోజు జడ్జిగారు సెలవు. ల్యాబ్ రిపోర్టు రాదు. ఇంకో ముద్దాయి గల్ఫ్ వెళ్లిపోయి ఉంటాడు, అతని మీద వారెంటు తిరుగుతూ ఉంటుంది. కొన్ని వాయిదాలు మేం అడిగినవి కూడా ఉన్నాయి. సాక్షి గుమ్మం దాకా వచ్చి కూర్చుంటే, వేరే కోర్టులో పని ఉందని వాయిదా అడిగిన రోజులు నా ఖాతాలోనూ ఉన్నాయి. ఇప్పుడు ఆ పని చేయను. సాక్షి వచ్చాడంటే ఆ రోజు క్రాస్ అయిపోవాలి.

విచారణ ఖైదీగా లోపల ఉన్నవారికి ఒక దారి ఉంది. ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో సగం అప్పటికే గడిచిపోతే బెయిల్ అడగొచ్చు. అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివారైతే మూడో వంతు చాలు. పైన చెప్పిన నాగరిక్ సురక్షా సంహితలో ఇది సెక్షన్ 479. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి వర్తించదు, ఒకటికి మించి కేసులు నడుస్తున్నా వర్తించదు.

మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

ఎఫ్‌ఐఆర్ కాపీ, రిమాండు రిపోర్టు ఉంటే అది, ఆధార్, జామీను పెట్టగలిగినవాళ్ల ఇంటి పన్ను రశీదు. సంఘటన జరిగిన రోజు ఎవరెక్కడున్నారో గుర్తున్నంతవరకు రాసి తేండి. నాకు నచ్చేలా రాయకండి, జరిగినట్టు రాయండి. పదిమందీ రావద్దు. విషయం తెలిసిన ఒకరు, ఆ మనిషితో రోజూ ఒకే ఇంట్లో ఉండే ఒకరు చాలు. లోపలున్న మనిషి బీపీకో, షుగరుకో, ఫిట్స్‌కో మందులు వాడుతుంటే డాక్టరు చీటీ తప్పకుండా తేండి. ముందు అది జైలు డాక్టరుకి పంపించాలి, కేసు తర్వాత మాట్లాడుకుందాం.